గోండీ కథ కాగితమెక్కే దారి

బస్తర్‌లో ఏ ఇంట్లోనైనా, ఏ బడిలోనైనా ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన చిన్న లేజర్ ప్రింటరు ఉంటే చాలు, గోండీ భాషలో పిల్లల కథల పుస్తకాన్ని ఇవాళ అక్కడికక్కడే అచ్చు వేసుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో అలాంటి పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పీడీఎఫ్ దించుకుని, ప్రింట్ నొక్కితే అయిపోతుంది. పంచిపెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు. ఆ పుస్తకాల లైసెన్సే అందుకు అనుమతిస్తుంది.

ఇంత మామూలుగా కనిపించే పనిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ప్రింటరులో గోండీకి సంబంధించింది ఏమీ లేదు. అక్షరాలు లేవు, వత్తులు లేవు, ఆ భాష పేరు కూడా లేదు. అయినా పుట తప్పు లేకుండా బయటికొస్తుంది. ఎలా? నలభై ఏళ్ళ కిందట పుట్టిన ఒక ఆలోచన, ఆ ఆలోచనను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా రాసిన ఒక ప్రోగ్రాం కలిసి దీన్ని సాధ్యం చేశాయి. ఆ ఆలోచన పేరు పేజీ వర్ణన భాష. ఆ ప్రోగ్రాం పేరు ఘోస్ట్‌స్క్రిప్ట్.

మార్కెట్ పట్టించుకోని భాష

గోండీ మనకు పరాయి భాష కాదు. ద్రావిడ కుటుంబంలో తెలుగు ఉన్న శాఖలోనే అదీ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షల మంది. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిశాల్లో పరుచుకుని ఉన్నారు. బస్తర్ దక్షిణపు అంచున కుంట, భోపాలపట్నం వైపు గోండీ, దోర్లీ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండీకి చోటు లేదు. ప్రాంతాన్ని బట్టి యాస మారుతుంది, లిపీ మారుతుంది. బస్తర్‌లో ఎక్కువగా దేవనాగరిలో రాస్తారు. ఆదిలాబాద్‌లో తెలుగు లిపీ వాడతారు, గుంజాల గోండీ లిపీ ఉంది.

ఇలాంటి భాషకు పుస్తకాలు వేయడానికి పెద్ద ప్రచురణకర్తలు ముందుకు రారు. వెయ్యి కాపీలు వేస్తే వంద అమ్ముడుపోతాయో లేదో తెలియదు. కాబట్టి చొరవ వేరే వైపు నుంచి రావలసి వచ్చింది. 2010లో శుభ్రాంశు చౌధరి ప్రారంభించిన సీజీనెట్ స్వర ఫోను ద్వారా గోండీ మాటలకు వేదిక ఇచ్చింది. 2014 నుంచి పలు రాష్ట్రాల గోండీ మాట్లాడేవాళ్ళు ఒకచోట కూర్చుని ఉమ్మడి నిఘంటువు కోసం పనిచేశారు. 2018లో నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీలో సీజీనెట్ స్వర, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, ప్రథమ్ బుక్స్ కలిసి జరిపిన శిబిరంలో సుమారు 200 పిల్లల కథలు గోండీలోకి వచ్చాయి.

కథలైతే వచ్చాయి. వాటిని పిల్లవాడి చేతికి అందించేది కాగితమే. సిగ్నల్ లేని ఊళ్ళో, కరెంటు నిలకడ లేని చోట తెర మీది కథ అందని కథే. అందుకే అచ్చు యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఇక్కడ ఊసుపోక వ్యవహారం కాదు.

చుక్కలా, వర్ణనా?

ప్రింటరు చేసేది ఒక్కటే పని. కాగితం మీద ఫలానా చోట చుక్క పెట్టాలా వద్దా అని తేల్చుకుంటుంది. అంగుళానికి 600 చుక్కల చొప్పున ఏ4 కాగితం మీద అడ్డంగా 4,960, నిలువునా 7,016 చుక్కలు పడతాయి. మొత్తం దాదాపు మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షలు. ఒక్కో చుక్కకు ఉందో లేదో అని ఒక బిట్ రాసుకున్నా, ఒక్క పుటకు నాలుగు మెగాబైట్ల పైమాటే. 16 పుటల పుస్తకమంటే 70 మెగాబైట్లు. పైగా ఆ చుక్కలు ఆ ఒక్క ప్రింటరుకే సరిపోతాయి. అంగుళానికి 300 చుక్కల యంత్రానికి మళ్ళీ కొత్తగా లెక్కగట్టాలి.

దీనికి విరుగుడు పుటను చుక్కలుగా కాక మాటల్లో చెప్పడం. సంక్రాంతికి ముందు అక్క ఫోనులో చెల్లెలికి ముగ్గు ఎలా చెబుతుంది? ఫొటో పంపనక్కర్లేదు. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క అని చెప్పి, ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో చెబితే చాలు. చెల్లెలి వాకిలి చిన్నదైతే చిన్న ముగ్గు, పెద్దదైతే పెద్ద ముగ్గు. గీత మాత్రం రెండుచోట్లా నున్నగానే ఉంటుంది. పేజీ వర్ణన భాష కాగితం విషయంలో చేసే పని సరిగ్గా ఇదే.

ఈ భాషల్లో పేరుమోసింది పోస్ట్‌స్క్రిప్ట్. జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేసిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అక్కడ ఇంటర్‌ప్రెస్ అనే పేజీ వర్ణన భాషను తయారుచేశారు. జిరాక్స్ దాన్ని బయటికి తేవడానికి తాత్సారం చేస్తుంటే విసిగి, 1982లో అడోబీ సంస్థను స్థాపించారు. 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చింది. 1985లో యాపిల్ లేజర్‌రైటర్‌తో అది ఆఫీసు బల్ల మీదికి చేరింది.

పోస్ట్‌స్క్రిప్ట్‌లో పుటకు ఎడమవైపు కింది మూల సున్నా. కొలత పాయింటు, అంటే అంగుళంలో 72వ వంతు. 72 720 మూవ్‌టు అని రాస్తే, ఎడమ అంచు నుంచి ఒక అంగుళం, కింది అంచు నుంచి పది అంగుళాల దూరంలో కలం ఆన్చమని అర్థం. లైన్‌టు అంటే అక్కడికి గీత, కర్వ్‌టు అంటే వంపు, షో అంటే అక్షరాలు, చివర షోపేజ్ అంటే పుట బయటికి. అంకెలు ముందు, ఆజ్ఞ చివర వస్తాయి. క్రియను వాక్యం చివర పెట్టే తెలుగువాళ్ళకు ఈ వరుస ఇట్టే అలవడుతుంది.

అక్షరం లోపల ఏముంది?

ఒక్క అక్షరాన్ని దగ్గరగా చూద్దాం. తలకట్టును పక్కన పెడితే, ఠ అంటే ఒక వలయం, దాని మధ్యలో ఒక చుక్క. ఫాంటులో ఇది మూడు మూసిన గీతలుగా ఉంటుంది. వలయానికి వెలుపలి అంచు, లోపలి అంచు, నడిమి చుక్క అంచు. ఒక్కో గుండ్రటి అంచును సాధారణంగా నాలుగు వంపులుగా చెబుతారు. ఈ వంపులకు బెజియే వంపులని పేరు. ఫ్రాన్సులో కార్ల బాడీల నునుపు గీతలను లెక్కల్లో చెప్పడానికి రెనో కంపెనీలో పియర్ బెజియే, సిత్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్‌జో విడివిడిగా కనిపెట్టిన పద్ధతి ఇది. ఒక్కో వంపుకు నాలుగే బిందువులు. రెండు చివరలు, వంపును తమవైపు లాగే మరో రెండు. ఇలా పన్నెండు వంపులతో వలయమూ చుక్కా పూర్తవుతాయి. నాలుగు వంపుల వలయానికి, నిజమైన వృత్తానికి తేడా కంటికి ఆనదు.

మరి వలయం లోపల తెల్లగా ఉండాలని ప్రింటరుకు ఎలా తెలుస్తుంది? గీతల దిశ వల్ల. వెలుపలి అంచు ఒక దిక్కుగా తిరిగితే, లోపలి అంచు దానికి ఎదురు తిరుగుతుంది. ఏ బిందువు దగ్గరైనా దాని చుట్టూ తిరిగిన చుట్లను కూడితే సున్నా వచ్చిందంటే అక్కడ తెలుపు, రాకపోతే నలుపు. నడిమి చుక్క అంచు మళ్ళీ మొదటి దిక్కుగా తిరుగుతుంది కాబట్టి అది నల్లబడుతుంది. ఈ ఒక్క నియమంతో తెలుగులోని గుండ్రటి అక్షరాలన్నీ, దేవనాగరిలోని గీతలన్నీ, గుంజాల గోండీ లిపిలోని మలుపులన్నీ నిండుతాయి.

ఇక మిగిలింది లెక్క. 12 పాయింట్ల అక్షరానికి 600 సాంద్రతలో వంద చుక్కల ఎత్తు దొరుకుతుంది. ఏ చుక్క అంచు లోపల పడిందో, ఏది బయట పడిందో వరుసవారీగా తేలుస్తారు. పుటంతా ఇలాగే తేల్చి, చుక్కల పటంగా మార్చే ప్రోగ్రాంను ఇంటర్‌ప్రెటర్ అంటారు. 1985లో ఇది చాలా బరువైన పని. అందుకే లేజర్‌రైటర్‌లో పెట్టిన ప్రాసెసరు అప్పటి మాకింటోష్ కంప్యూటరులో ఉన్నదానికన్నా వేగమైనది. 300 సాంద్రతలో ఒక్క పుట పటానికే ఒక మెగాబైటు కావాలి కాబట్టి ప్రింటరులో ఒకటిన్నర మెగాబైట్ల మెమరీ పెట్టారు. దాని ధర 6,995 డాలర్లు.

తలుపు తీసినవాడు

అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ భాష వివరాలను దాచలేదు. 1985లోనే పుస్తకంగా ప్రచురించింది. అమ్మింది ఇంటర్‌ప్రెటర్‌ను. ప్రింటరు కంపెనీలు దానికి లైసెన్సు సొమ్ము కట్టాలి. దాంతో పోస్ట్‌స్క్రిప్ట్ ఖరీదైన యంత్రాలకే పరిమితమైంది. ఇళ్ళలోకి వచ్చిన డాట్ మాట్రిక్సు, ఇంకుజెట్టు, చౌక లేజరు ప్రింటర్లలో అది లేదు.

జిరాక్స్ పరిశోధనశాలలోనే పనిచేసిన ఎల్. పీటర్ డాయిచ్ 1980ల రెండో సగంలో ఈ ఇంటర్‌ప్రెటర్‌ను సొంతంగా, మొదటి అక్షరం నుంచి రాశాడు. 1988లో ఘోస్ట్‌స్క్రిప్ట్ పేరుతో, మూలకోడుతో సహా విడుదల చేశాడు. ఇప్పుడు దాన్ని ఆర్టిఫెక్స్ సంస్థ నిర్వహిస్తోంది. 2013 నుంచి అది అఫెరో జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవవచ్చు, మార్చుకోవచ్చు. తమ ఉత్పత్తిలో కలిపి అమ్మాలనుకునే కంపెనీలు తమ కోడునూ బహిరంగం చేయాలి, లేదా సంస్థ దగ్గర వేరే లైసెన్సు కొనుక్కోవాలి.

దీనివల్ల ఏం మారింది? ప్రింటరులో జరగాల్సిన తెలివైన పని కంప్యూటరులోకి వచ్చింది. ప్రింటరు చుక్కలు పెట్టడం ఒక్కటే తెలిసినదైనా ఫరవాలేదు. మన దేశంలో ఎన్నో చిన్న ఆఫీసుల్లో కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020నే తీసుకోండి. దానిలో పోస్ట్‌స్క్రిప్ట్ లేదు. తనను నడిపే ఫర్మ్‌వేర్ కూడా అందులో నిలవ ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. లినక్సులో దీనికోసం స్వచ్ఛందంగా రాసిన ఫూ2జెడ్‌జేఎస్ అనే డ్రైవరు ఉంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ పుటను చుక్కల పటంగా మారిస్తే, ఈ డ్రైవరు ఆ పటాన్ని కుదించి ప్రింటరు భాషలో అందిస్తుంది. ఈ పనులన్నిటినీ వరుసలో నడిపే కప్స్ అనే వ్యవస్థను మైకేల్ స్వీట్ రూపొందించాడు. అదీ ఉచితమే.

పాత కంప్యూటర్ల విషయంలో ఘోస్ట్‌స్క్రిప్ట్‌కు మరో మంచి గుణం ఉంది. మెమరీ తక్కువైతే పుటను అడ్డపట్టీలుగా విడగొట్టి, ఒక పట్టీ పూర్తిచేశాక ఇంకో పట్టీకి వెళుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, పని మాత్రం ఆగదు. ఎక్కడో వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లే బడికి దిక్కయ్యే చోట ఈ ఓపిక చాలా విలువైనది.

ప్రింటరుకు భాష తెలియనక్కర్లేదు

పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లలో 35 ఫాంట్లు ముందే నింపి ఉంచేవారు. వాటిలో ఒక్క భారతీయ లిపీ లేదు. 1996లో జర్మనీకి చెందిన యూఆర్‌డబ్ల్యూ సంస్థ ఆ 35కు సాటివచ్చే ఫాంట్లను ఘోస్ట్‌స్క్రిప్ట్ కోసం ఉచితంగా ఇచ్చింది. వాటిలోనూ మన లిపులు లేవు. అయినా తెలుగు, గోండీ అచ్చవుతున్నాయంటే కారణం, అక్షరాల ఆకారాలను పుట తనతోపాటే మోసుకెళ్ళగలగడం. ఫాంటును ఫైలులో పొదగడం అంటే ఇదే. పోస్ట్‌స్క్రిప్ట్ తర్వాత 1993లో అడోబీయే తెచ్చిన పీడీఎఫ్‌లోనూ ఇదే కీలకం. 2008లో పీడీఎఫ్ అంతర్జాతీయ ప్రమాణం అయింది.

కూర్పు పని అచ్చుకు ముందే ముగిసిపోతుంది. స్త్రీ అనే మాటను చూడండి. లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుణింతం. వీటిలో ఏవి కలిసి ఏ రూపం దాల్చాలో, ఏ వత్తు కింద చేరాలో హార్ఫ్‌బజ్ వంటి ప్రోగ్రాం ఫాంటులోని నియమాలు చూసి నిర్ణయిస్తుంది. సాధారణంగా సీ ఒక ఆకారం, తకారపు వత్తు ఒకటి, రకారపు వత్తు ఒకటి. పీడీఎఫ్ చేతికి వచ్చేసరికి మిగిలేది ఫలానా సంఖ్య గల ఆకారాన్ని ఫలానా చోట పెట్టు అన్న ఆజ్ఞే. ఆ తర్వాత ఘోస్ట్‌స్క్రిప్ట్‌కు తెలుగు తెలియనక్కర్లేదు, గోండీ తెలియనక్కర్లేదు. ఇంగ్లీషు కూడా తెలియనక్కర్లేదు. అన్ని భాషలూ దాని ముందు సమానమే.

ఈ దారిన తెలుగువాళ్ళు ముందే నడిచారు. 1990ల తొలి ఏళ్ళలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రోమన్ అక్షరాల్లో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే పద్ధతిని తయారుచేశారు. ఆర్‌టీఎస్‌గా అది ఒక తరం ప్రవాసాంధ్రులకు అలవాటైంది. ఆ రాతను డోనాల్డ్ నూత్ సృష్టించిన టెక్ ప్రోగ్రాం పుటలుగా పేర్చేది. దాన్ని పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చే సాధనాలు అప్పటికే అందుబాటులో ఉన్నాయి. తెలుగు కంప్యూటర్లు, తెలుగు ప్రింటర్లు ఎవరో తయారుచేస్తారని కాచుకోకుండా, ఉన్న ఉచిత సాధనాలతోనే వాళ్ళు తెలుగు అచ్చు వేసుకున్నారు.

గోండీది ఇంకా కఠినమైన పరీక్ష. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులున్న సంగతిని ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన సహచరులు లోకం దృష్టికి తెచ్చారు. అవి 18వ శతాబ్ది నాటివని భావిస్తున్నారు. మధ్యప్రదేశ్ బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో రూపొందించిన లిపి మరొకటి. మసారాం గోండీ 2017లో, గుంజాల గోండీ 2018లో యూనికోడ్‌లో చేరాయి. రెండింటికీ నోటో అనే ఉచిత ఫాంట్ల కుటుంబంలో ఫాంట్లు ఉన్నాయి. ఆ ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌ను ఆ లిపి యూనికోడ్‌లోకి రాకముందే తయారైన ప్రింటరు మీద వేసినా అక్షరం చెడదు. లిపికి యంత్రం అనుమతి అక్కర్లేదు.

ఇంట్లో చేసుకోదగ్గ పనులు

ఘోస్ట్‌స్క్రిప్ట్ లినక్సు, విండోస్, మాక్ మూడింటిలోనూ నడుస్తుంది. బొమ్మలు నిండిన కథల పుస్తకం 30 మెగాబైట్లు ఉంటే, నెట్ సరిగా లేని ఊరికి పంపడం కష్టం. పీడీఎఫ్‌రైట్ అనే సాధనంతో బొమ్మల సాంద్రతను 150కి తగ్గించి చిన్న ఫైలు చేసుకోవచ్చు. అక్షరాలు వంపులుగానే ఉంటాయి కాబట్టి వాటి నునుపు తగ్గదు. విడివిడి కథలను ఒకే ఫైలుగా కలపవచ్చు, రంగుల పుటలను నలుపు తెలుపులోకి మార్చవచ్చు. ఇంక్‌కవ్ అనే సాధనం ఏ పుటకు ఏ రంగు ఇంకు ఎంత మేర పడుతుందో ముందే చెబుతుంది. కార్ట్రిడ్జ్ ఖర్చు చూసుకునే బడికి ఇది అక్కరకొస్తుంది.

పుస్తకంగా కుట్టాలంటే పుటల వరుస మార్చాలి. 16 పుటల పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు చాలు. మొదటి కాగితం వెలుపలి వైపు 16, 1 పుటలు, లోపలి వైపు 2, 15. రెండో కాగితం మీద 14, 3, దాని వెనక 4, 13. ప్రతి వైపూ రెండు పుట సంఖ్యలు కలిపితే 17 వస్తే వరుస సరిగ్గా ఉన్నట్టే. నాలుగు కాగితాలనూ ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యలో మడిచి, రెండు స్టేపుల్ పిన్నులు కొడితే పుస్తకం సిద్ధం.

ఒక జాగ్రత్త. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు నిజానికి ఒక ప్రోగ్రాం. దుర్బుద్ధితో రాసినది కంప్యూటరులోని ఇతర ఫైళ్ళ జోలికి పోగలదు. 2019లో వచ్చిన 9.50 వెర్షన్ నుంచి ఘోస్ట్‌స్క్రిప్ట్ అలాంటి పనులను ముందుగానే అడ్డుకుంటోంది. కాబట్టి కొత్త వెర్షనే వాడాలి.

మన బాధ్యత

సాంకేతికంగా గోండీకి ఇప్పుడు అచ్చు తలుపులు తెరిచే ఉన్నాయి. మూసుకుంటే మన నిర్లక్ష్యం వల్లే మూసుకుంటాయి. తెలుగు డీటీపీలో మనం ఆ దెబ్బ తిన్నాం. యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చిన వేల పుస్తకాల ఫైళ్ళు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్టగా కనిపిస్తాయి. వాటిలో వెతకలేం, వాటిని సులువుగా మళ్ళీ వాడుకోలేం. మూలరాతను తిరిగి యూనికోడ్‌లోకి తేవడం వేరే శ్రమ. కొత్తగా అచ్చుకెక్కుతున్న భాషలకు ఈ కష్టం రానివ్వకూడదు.

అందుకు గిరిజన భాషల్లో పాఠాలు, కథలు తయారుచేసే ప్రతి సంస్థా మూడు నియమాలు పెట్టుకోవాలి. రాత యూనికోడ్‌లోనే ఉండాలి. ఫాంటు స్వేచ్ఛగా పంచుకోదగ్గదై, పీడీఎఫ్‌లో పొదిగి ఉండాలి. పీడీఎఫ్‌తోపాటు మూలరాతనూ బహిరంగంగా ఉంచాలి, ఎందుకంటే బస్తర్‌లోని సుక్మా ఉపాధ్యాయుడు ఉట్నూరు కథను తన పిల్లల యాసకు తగ్గట్టు మార్చుకోవాలన్నా, భద్రాచలం కోయ పిల్లలకు దాన్నే తెలుగు లిపిలో ఇవ్వాలన్నా చేతికి రావలసింది ఆ మూలరాతే. ఈ మూడింటికీ డబ్బు ఖర్చు కాదు. మొదటి రోజునే పట్టుదలగా పాటిస్తే చాలు. పుటను చదివే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచం ఎప్పుడో ఉచితంగా ఇచ్చేసింది. దాని చేతికి గోండీ పుటలను సక్రమంగా అందించడం మన పని. అందులో గోండీకి తోబుట్టువైన భాష మాట్లాడే మన వంతు మరీ ఎక్కువ.